అన్నిటికీ ఔనన్న కుర్చీ

మా ఆఫీసుని చూసి ఊళ్ళో వాళ్ళు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వుకోనివ్వండి. నవ్విన నాపచేనే పండుతుందన్నారు పెద్దలు. మా చేను ఎంతలా పండిందో మీకు చెబుతాను. విన్నాక కూడా నవ్వొస్తే అది మీ సంస్కారం.

నల్లేరుపాడులోని జిల్లా వివిధ అనుమతుల కార్యాలయంలో నేను సూపరింటెండెంటుని. మైకు పెట్టాలన్నా, పందిరి వెయ్యాలన్నా, కొబ్బరిచెట్టు కొట్టాలన్నా, పడవ మీద బ్యాండుమేళం ఎక్కించాలన్నా జనం మా దగ్గరికి రావాల్సిందే. ఒకప్పుడు వాళ్ళు నేరుగా గుమస్తా బల్ల దగ్గరికొచ్చి, "ఏవండీ, పిల్లలు బావున్నారా?" అని మొదలుపెట్టి పని చేయించుకుని పోయేవారు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎంత అనాగరికంగా బతికాం!

మా కళ్ళు తెరిపించినవారు డైరెక్టరు విరూపాక్షం గారు. ఆయన్ని ప్రభుత్వంవారు బెంగుళూరు శిక్షణకి పంపారు. కంప్యూటరు లోపల పరిపాలన ఎలా జరుగుతుందో అక్కడ చెప్పారట. తిరిగొచ్చిన రోజే అందర్నీ మీటింగు హాల్లోకి పిలిచారు.

"మిత్రులారా! కంప్యూటరు పెట్టెలో కెర్నెల్ అనబడే ప్రధానాధికారి ఉంటాడు. అతని కింద పాట పాడేదొకటి, బొమ్మ చూపించేదొకటి, నెట్టు పట్టేదొకటి, ఇలా నానా పరికరాలు పనిచేస్తుంటాయి. ప్రతి పరికరం దగ్గరా ఒక చిన్న అర ఉంటుంది. 'నేనెవర్ని, నాకేం కావాలి, నేనేం చెయ్యగలను' అన్న వివరాలు అందులో ఉంటాయి. కెర్నెల్ వెళ్ళి ఆ అరలో చెయ్యి పెడతాడా? పెట్టడు! అతనికున్నవి రెండే రెండు కిటికీలు. మొదటి కిటికీలో చిరునామా పెడతాడు. ఫలానా బస్సు, అంటే పరికరాలు వరసగా తగిలించిన దారి, ఫలానా పరికరం, ఫలానా పని. రెండో కిటికీలో జవాబు చదువుకుంటాడు. అంతే! పలకరింపుల్లేవు. కుశలప్రశ్నల్లేవు. ఆ క్రమశిక్షణ చిన్న పెట్టెలో సాధ్యమైనప్పుడు మూడంతస్తుల మన భవనంలో ఎందుకు సాధ్యం కాదు? ఈ క్షణం నుంచి ఈ కార్యాలయానికి కెర్నెల్‌ని నేను. మీరంతా పరికరాలు!"

పరికరం కావడం ప్రమోషనో డిమోషనో తెలియక, ఎందుకైనా మంచిదని గట్టిగా చప్పట్లు కొట్టాం.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సదరు కార్యాలయ ఆవరణలో ఏ వ్యక్తియైనను మరియొక వ్యక్తితో నేరుగా సంభాషించుట నిషేధించడమైనది." అంతస్తులు బస్సులయ్యాయి. బల్లలు పరికరాలయ్యాయి. కుర్చీలు పనులయ్యాయి. కింది అంతస్తు సున్నా బస్సు. ఆ సున్నా బస్సు ఎక్కడాగుతుందో కనుక్కోవడానికి ఒక పెద్దాయన రెండుసార్లు బస్టాండుకి వెళ్ళొచ్చాడు.

రెండో కిటికీ నాకిచ్చారు. నా ముందు ఎనిమిది బల్బులు. దరఖాస్తుకి ఎనిమిది ప్రశ్నలు, ప్రశ్నకో బల్బు. మొదటి కిటికీలో ఏ కుర్చీ చిరునామా పడితే ఆ కుర్చీ తీగ వచ్చి నా బల్బులకి తగులుకుంటుంది. వెలిగితే ఔను, ఆరితే కాదు. బల్బులన్నీ మామూలుగా వెలుగుతూనే ఉంటాయి. ప్రశ్నల చీటీ నకలు గుమస్తాకొకటి, నాకొకటి వస్తుంది. కాదనదలుచుకున్న గుమస్తా తన బల్ల మీది మీట నొక్కి ఆర్పాలి.

"ఇదేంటి, ఎవరూ ఏమీ అనకపోతే ఔనన్నట్టేనా?" అని ఎలక్ట్రీషియనే అడిగాడు.

"పెట్టెలోనూ అంతేనయ్యా. తీగని దాని మానాన వదిలేస్తే ఒకటి. ఎవడో ఒకడు పూనుకుని కిందికి లాగితేనే సున్నా," అన్నారు డైరెక్టరు గారు. అంత చదువుకున్నాయన చెప్పాక ఇంకేం మాట్లాడతాం?

ఇక లెక్కింపు. కంప్యూటరు లేస్తూనే కెర్నెల్ ఒక్కో గడప దగ్గరా ఆగి "ఎవరున్నారక్కడ?" అని అడుగుతాడట. ఉన్నవాడు తన నంబరు చెప్పాలి. లేనివాడు లేనట్టే లెక్క. సోమవారం పొద్దున్న మంచి ముహూర్తం చూసి డైరెక్టరు గారు మైకు పట్టుకుని బయల్దేరారు. "బస్సు సున్నా! పరికరం రెండు! పని ఒకటి! ఎవరక్కడ?" అని ఆయన గర్జించడం, గుమస్తా లేచి నంబరు చెప్పడం, అటెండరు ఆ బల్లకి మీట బిగించడం. కన్నుల పండువ అనుకోండి.

సున్నా బస్సు, మూడో పరికరం, ఒకటో పని దగ్గర జవాబు రాలేదు. అది అడ్డాల లోవరాజు కుర్చీ. 'ఇతరములు' సెక్షను గుమస్తా. ఆ సమయానికి అతను పూలబజారులో ఉన్నాడు. ఆ ఉదయం డైరెక్టరు గారి మెడలో పడాల్సిన గజమాల తేవడానికి నేనే పంపాను.

పాపం, దండ భుజాన వేసుకుని రొప్పుతూ గుమ్మంలోకి వచ్చేసరికి, "లెక్కింపు ముగిసినది" అని మైకులో వినిపించింది.

"సార్! నేనండి, లోవరాజునండి! ఇదిగో ఇక్కడే ఉన్నానండి!"

డైరెక్టరు గారు మెడ వంచి దండ వేయించుకున్నారు. ఆ తరవాత లోవరాజు గుండా గోడని చూస్తూ, "సూపరింటెండెంటు గారూ, ఎక్కణ్ణుంచో ఒక దండ వచ్చింది. నమోదు చేసుకోండి," అన్నారు.

మళ్ళీ లెక్కపెట్టాలంటే ఆఫీసుని పూర్తిగా మూసి తెరవాలి. మూయడానికి రాజధాని అనుమతి కావాలి. తెరవడానికి మా ఆఫీసు అనుమతే కావాలి. మూసి ఉన్న ఆఫీసు అనుమతి ఎలా ఇస్తుంది? కాబట్టి లోవరాజు లేడు. రోజూ వేళకే వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, సాయంత్రం దాకా లేకుండా ఉండేవాడు. అతని బల్లకి మీట బిగించలేదు. చీటీలు అతని దాకా వెళ్ళేవి కావు.

ఆవరణ దాటాక మాట్లాడుకోవడానికి అడ్డేం లేదు గనక, సాయంత్రం టీకొట్టు దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు.

"గురువుగారూ, నేను లేకపోతే లేనండి, అది పెద్ద బాధ కాదు. నాకు సంబంధం కుదిరేలా ఉందండి. అమ్మాయి తాలూకు వాళ్ళు త్వరలోనే ఆరా తియ్యడానికి ఆఫీసుకొస్తారు. ఎలాగండి మరి?"

లోవరాజు ఔననాల్సి వస్తే 'ఆయ్' అనే అచ్చమైన గోదారి మనిషి. నలభై దగ్గరపడ్డాయి. ఒక సంబంధం పొట్టిగా ఉన్నాడని పోయింది, ఇంకొకటి జాతకం కలవక పోయింది, మరొకటి ఏ కారణమూ చెప్పకుండానే పోయింది. ఈసారి కథ వేరు. అమ్మాయి పేరు మంగవేణి. చింతలగరువు అరటి మార్కెట్లో వీరభద్రం గారనే గెలల వర్తకుడి కూతురు. తండ్రికి గొంతు బొంగురుపోయిన దగ్గర్నుంచి గెలల వేలం ఆవిడే పాడుతోంది.

"పెళ్ళిచూపులకి ముందే ఒకసారి మార్కెట్లో చూశానండి. గుట్టల మధ్య నిలబడి పాడుతోందండి. గెలల సంగతేమో గానీ, నేనే అమ్ముడైపోయానండి," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ వయసులో ఆ ముఖం చూసి నాకు ముచ్చటేసింది.

మనవైపు సంగతి మీకు తెలిసిందే. పిల్లాణ్ణి ఖాయం చేసుకునే ముందు ఆఫీసుకెళ్ళి, పక్క బల్లవాణ్ణి అలా చాటుకి పిలిచి, "కుర్రాడెలాంటోడండీ?" అని అడక్కపోతే ఆడపిల్లవాళ్ళకి ముద్ద దిగదు. ఇప్పుడు చాటుకి పిలవడం నిషేధం. ఏదడగాలన్నా కిటికీలే గతి.

ఆ కిటికీల దగ్గరేమో మొదటివారం మహా గందరగోళం. ఒకాయన మొదటి కిటికీలో చిరునామా ఇచ్చి రెండో కిటికీకి నడిచొచ్చేలోపు, వెనకవాడు తన చిరునామా ఇచ్చేసేవాడు. బల్బులు మారిపోయేవి. కొబ్బరిచెట్టు కొట్టుకుంటానన్న ముసలాయనకి నాటకం ఆడుకోమని అనుమతి వెళ్ళింది. నాటకాలవాళ్ళకి కొట్టెయ్యమని వెళ్ళింది. ఎవర్ని కొట్టాలో రాయలేదేంటని వాళ్ళు కర్రలతో సహా వచ్చి అడిగారు.

దీనికీ పెట్టెలో ఉపాయముందన్నారు డైరెక్టరు గారు. పెద్ద ఇత్తడి తాళంకప్ప తెప్పించి గొలుసు కట్టించారు. అది మెడలో వేసుకున్నవాడికే రెండు కిటికీలూ. వాడి పని అయ్యేదాకా, సాక్షాత్తూ డైరెక్టరు గారైనా సరే, ఎవరూ అడ్డురాకూడదు. మిగిలినవాళ్ళ గురించి ఇంకో ఉత్తర్వు. "తాళము కొరకు నిరీక్షించువారు కూర్చొనరాదు, నిలువరాదు. ఆవరణలో గుండ్రముగా తిరుగుచు, చుట్టుకొక మారు 'ఖాళీయేనా' అని అడుగవలెను. పెట్టెలో సైతము ఇదియే ఆచారము."

తిరిగారండీ జనం! జెండా కర్ర చుట్టూ ముసలీ ముతకా, చంకన పిల్లలతో తల్లులూ, "ఖాళీయేనా? ఖాళీయేనా?" అనుకుంటూ. గురువారానికి ఎవరో జెండా కర్రకి పసుపు రాశారు. శుక్రవారం గేటు దగ్గర కొబ్బరికాయల కొట్టు వెలిసింది. ఎటో వెళ్తున్న యాత్రికుల బస్సు ఆగి, అందులోవాళ్ళంతా దిగి చుట్లు తిరిగి, కిటికీ వైపైనా చూడకుండా, మనసు కుదుటపడిందంటూ వెళ్ళిపోయారు. ఒకరోజు తాళం వేసుకున్న మోతుబరి భోజనానికి ఇంటికెళ్ళి, దాంతోనే కునుకు తీశాడు. ఆ మధ్యాహ్నమంతా జిల్లా స్తంభించింది. మేం మాత్రం హాయిగా ఉన్నాం. ఒక్కడూ మా పిల్లల చదువుల గురించి అడగలేదు.

ఖాళీ కుర్చీ మహిమ కనిపెట్టింది ఒక పందిళ్ళ కాంట్రాక్టరు. పొరపాటున సున్నా-మూడు-ఒకటి అని రాసిచ్చాడు. అక్కడ కాదనడానికి మనిషి లేడు. ఎనిమిదికి ఎనిమిదీ వెలుగుతున్నాయి.

"మెయిన్ రోడ్డు మూసేసి పందిరి వేసుకోవచ్చా?" అన్న ప్రశ్నకి "ఔను" అని చదివాను. "నెల్లాళ్ళు ఉంచుకోవచ్చా?" "ఔను." ఆయన నన్ను చూశాడు. నేను ముద్ర కొట్టాను.

ఊరు చిన్నది, నోరు పెద్దది. మర్నాటికల్లా అందరూ ఆ కుర్చీకే. గోదారి నడిమధ్యన పెళ్ళిపందిరికి ఔను. రైలుపట్టాల మీద ముగ్గుల పోటీకి ఔను. ఏనుగుని మేడ మీదికి ఎక్కించడానికి ఔను, దించక్కర్లేదా అంటే దానికీ ఔను. ఎదురింటివాడి ఇంటి ముందు నేను మైకు పెట్టుకోవచ్చా అని ఒకడు, మా ఇంటి ముందు ఎవరూ మైకు పెట్టకూడదు కదా అని ఆ ఎదురింటివాడు, ఇద్దరూ ఔననిపించుకుని, ముద్రలు ఒకరికొకరు చూపించుకుని సంతోషంగా కొట్టుకున్నారు.

ఇదంతా జరుగుతుంటే లోవరాజు ఆ కుర్చీలోంచే, "వద్దండీ! ఏనుగొద్దండీ!" అని అరిచేవాడు. లేనివాడి అరుపు ఎవరికి వినపడుతుంది?

ఆ వారమే వీరభద్రం గారొచ్చారు. పెద్దమనిషి, తెల్లపంచె, అరటిజీడ మరకల చేతులు. చుట్లు తిరిగి తిరిగి, మెడలో తాళంకప్పతో నా కిటికీ ముందుకొచ్చి ఆయాసపడుతూ నిలబడ్డారు. చిరునామా సున్నా-మూడు-ఒకటే. చీటీ చదవడం మొదలుపెట్టాను.

"అడ్డాల లోవరాజు ఇక్కడ పనిచేస్తున్నాడా? ఔను. పర్మనెంటేనా? ఔను. నెమ్మదస్తుడేనా? ఔను."

ఆయన ముఖం వికసించింది. నా ముఖం వాడిపోవడం మొదలుపెట్టింది, ఎందుకంటే కింది ప్రశ్నలు నాకు కనిపిస్తున్నాయి.

"తాగుతాడా? ఔను. పేకాడతాడా? ఔను. ఇదివరకే పెళ్ళయిందా? ఔను. పిల్లలున్నారా? ఔను."

వీరభద్రం గారు కిటికీ చువ్వ పట్టుకున్నారు. ఎనిమిదో ప్రశ్న మిగిలింది.

"అన్నీ కనుక్కున్నాక, ఇతనికి మా పిల్లనివ్వచ్చా? ఔను."

"ఎంతమాటండీ! పెళ్ళాం పిల్లలున్న తాగుబోతుకి నా పిల్లనిమ్మంటారా? ఇది మీరు చూసి చెప్తున్నదేనాండీ?"

"బల్బులు చూసి చెబుతున్నానండి," అన్నాను. నిజమే కదా.

ఆయన అక్కడే కూలబడబోయారు. కూర్చోవడం నిషేధం గనక కాపలావాడు లేపి, జెండా కర్ర చుట్టూ ఇంకో రెండు చుట్లు తిప్పి పంపించాడు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర లోవరాజు ఏడ్చేశాడు. "పెళ్ళే కాని నాకు పిల్లలెక్కణ్ణుంచొచ్చారండీ? మీకు తెలుసు కదండీ! ఆ ఒక్కముక్క మీరు చెప్పుంటే ఏం పోయిందండీ?"

"నాకు తెలిసింది బల్బుల్లో లేదయ్యా. బల్బుల్లో లేనిది నేను చెబితే వ్యవస్థ ఏమైపోవాలి?"

అతను టీ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకు గుండె కలుక్కుమంది. కలుక్కుమంటే ఏం చెయ్యాలో ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు.

ఇక్కడ ఒకడి కొంప మునుగుతుంటే అక్కడ ఆ కుర్చీ కీర్తి రాజధానికి పాకింది. ఒక్క దరఖాస్తు కూడా తిరస్కరించని సీటు దేశంలో ఇంకెక్కడా లేదట! 'సర్వాంగీకార పురస్కారం' ప్రకటించారు. వెండికప్పు పట్టుకుని ఎంపిక సంఘం దిగింది. దాని అధ్యక్షుడు బాగా బరువైన మనిషి, మాట అంతకంటే బరువు. డైరెక్టరు గారికి పాఠం చెప్పిన బెంగుళూరు కుర్రాడు కూడా వాళ్ళతో వచ్చాడు. బల్బులు చూడగానే ఆ కుర్రాడు తెల్లబోయాడు.

"సార్, అన్నీ ఒకట్లే వస్తే అక్కడ పరికరం లేదని అర్థం సార్. కెర్నెల్ దాన్ని వదిలేసి ముందుకెళ్ళిపోతుంది. క్లాసులో చెప్పాను కదా?"

"ఎప్పుడు చెప్పారు?"

"మొదటిరోజు, భోజనాలయ్యాక."

డైరెక్టరు గారు ఒక్క క్షణం పెరుగన్నం గుర్తొచ్చినట్టు కళ్ళు మూసుకున్నారు. తెరిచి, "అది పెట్టెలో మాట. ప్రభుత్వంలో అన్నిటికీ ఔనంటే సమర్థత అంటారు," అన్నారు. అధ్యక్షుడు తల ఊపాడు.

సభ ఆ కుర్చీ దగ్గరే పెట్టారు. కుర్చీలో లోవరాజు ఉన్నాడు. లేనివాణ్ణి లెమ్మనడం ఎలా? డైరెక్టరు గారు గాల్లోకి చూస్తూ, "కుర్చీ మీద ఏదో ఉన్నట్టుంది, తొలగించండి," అన్నారు. లోవరాజు తనే లేచి పక్కన నిలబడ్డాడు. కుర్చీ వీపుకి శాలువా కప్పారు. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.

"ఈ కుర్చీ సెలవు పెట్టదు! టీకి పోదు! ఎవర్నీ నొప్పించదు! ఉద్యోగులందరూ ఈ కుర్చీలా తయారైన నాడు..." అని అధ్యక్షుడు అంటుండగా సిబ్బంది తలుపు దభీమని తెరుచుకుంది.

కనకాంబరం రంగు చీర, బొడ్లో దోపిన కొంగు, మెడలో వేలాడే తాళంకప్ప. కాపలావాళ్ళు ఎదురెళ్ళబోయి, తాళం చూసి ఆగిపోయారు. వెనకాల వీరభద్రం గారు.

"అమ్మాయ్! మంగవేణీ! నీకెందుకే ఈ గొడవ? పెళ్ళాం పిల్లలున్నోడే!" పోయిన గొంతుతో పాపం ఆయనకి చేతనైనంత అరుస్తున్నారు.

"నానా, అన్నిటికీ ఔనన్నాడని నువ్వే కదా చెప్పావు? మన వేలంలో ప్రతి పాటకీ తలూపినోడు ఎప్పుడైనా గెల మోసుకెళ్ళాడా? తలూపుతున్నాడంటే నిద్రోతున్నాడని కదా అర్థం! ఇదేదో కళ్ళతో చూసి తేల్చుకుంటాను."

డైరెక్టరు గారు చేతులు చాచారు. "అమ్మాయీ, ఇది ఖాళీ కుర్చీ."

"మరి పక్కనున్న ఈయనెవరండి?"

"ఎవరూ లేరు."

"లేనాయనకి అంత చెమట పట్టిందేంటండి?"

లోవరాజు జేబురుమాలు వెతుక్కున్నాడు. డైరెక్టరు గారికి ముచ్చెమటలు పోశాయి. మైకు మూసిపెట్టి, లెక్కింపు అయ్యాక మొదటిసారి అతనితో నేరుగా మాట్లాడారు.

"లోవరాజూ! నువ్వు లేవు. ఇన్నాళ్ళూ ఎంతో క్రమశిక్షణగా లేకుండా ఉన్నావు. ఇంకొక్క గంట లేకుండా ఉండు నాయనా, కప్పు చేతికి రానీ. నోరు తెరిచి కాదన్నావంటే ఈ కుర్చీ ఖాళీ కాదని తేలిపోతుంది. అది ఇచ్చిన అనుమతులన్నీ నీ నెత్తినే పడతాయి. ఏనుగుతో సహా!"

మంగవేణి నడుం మీద చెయ్యేసుకుని వేలం గొంతు ఎత్తింది. కిటికీల అద్దాలు గలగలమన్నాయి.

"ఏవండీ! తాగుతారా?"

లోవరాజు డైరెక్టరు గారిని చూశాడు. కప్పుని చూశాడు. శాలువా కప్పుకున్న తన కుర్చీని చూశాడు. ఆ తరవాత ఆవిణ్ణి చూశాడు.

"తాగనండి," అన్నాడు, దాదాపు వినపడకుండా.

హాలంతా హాహాకారం. ఆ కుర్చీ దగ్గర్నుంచి కాదన్నమాట రావడం అదే మొదలు.

"పేకాట?"

"ఆడనండి."

"పెళ్ళయిందా?"

"కాలేదండి!"

"పిల్లలు?"

"లేరండి! ఒక్కళ్ళు కూడా లేరండి!" ఒక్కో మాటకీ అతను అంగుళం పొడుగవుతున్నట్టు అనిపించింది నాకు. పొట్టివాడన్నవాళ్ళు అప్పుడొచ్చి చూడాల్సింది.

ఆవిడ గొంతు తగ్గించింది. "నేను నచ్చానా?"

లోవరాజు ఇంతకుముందరి జవాబులంత వేగంగా చెప్పలేకపోయాడు. "నచ్చారండి. మార్కెట్లోనే నచ్చారండి," అన్నాడు.

"విన్నావా నానా? కాదనడం వచ్చినోడు ఔనంటే నమ్మొచ్చు," అంది మంగవేణి. వీరభద్రం గారు కండువాతో కళ్ళొత్తుకున్నారు.

బెంగుళూరు కుర్రాడు ఎగిరి గంతేశాడు. "దొరికింది సార్! పరికరం దొరికింది!"

"దొరకలేదు!" అని గర్జించారు డైరెక్టరు గారు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "విషయమును సమగ్రముగా పరిశీలించితిమి. కుర్చీ మాట్లాడలేదు. కుర్చీ సమీపమున ఒక అనధికార శబ్దము మాత్రము వినవచ్చినది. కుర్చీ మాటకు తిరుగులేదు. పురస్కారమునకు ఆటంకము లేదు." అని కప్పు ఇచ్చేశాడు. డైరెక్టరు గారు దాన్ని గుండెలకి హత్తుకుని, రెండో చేత్తో అక్కడే లోవరాజు సస్పెన్షను ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. "లేనివాడై యుండియు, తగిన అనుమతి లేకుండా ఉన్నట్లు ప్రవర్తించినందున..."

వీరభద్రం గారు మళ్ళీ నీరుగారిపోయారు. "ఇదేంటమ్మా! తాగుబోతు కాడని సంతోషించేలోపే ఉద్యోగం ఊడిందే!"

లోవరాజు తల దించుకున్నాడు. "నేనేం అనుకోనండి. మీ నాన్నగారు చెప్పినట్టే చెయ్యండి," అన్నాడు ఆవిడతో.

తాళంకప్ప ఇంకా మంగవేణి మెడలోనే ఉంది. గిరుక్కున తిరిగి మొదటి కిటికీకి వెళ్ళింది. చీటీ రాసి అక్కడ పడేసి నా కిటికీకొచ్చి నిలబడింది. చిరునామా సున్నా-మూడు-ఒకటి. నేను బల్బుల ముందు కూర్చున్నాను. చదవడం నా డ్యూటీ. నా సర్వీసులో ఏదీ అంత గట్టిగా చదివి ఎరగను.

"అడ్డాల లోవరాజు సస్పెన్షను ఎత్తేశారా? ఔను! ఉద్యోగంలోకి తీసుకున్నారా? ఔను! చింతలగరువు బ్రాంచికి బదిలీ చేశారా? ఔను! పెళ్ళికి సెలవిచ్చారా? ఔను! ఆ బ్రాంచిలో కిటికీల్లేకుండా మనుషులతో మాట్లాడొచ్చా? ఔను! డైరెక్టరు గారు ఇప్పుడే, ఇక్కడే సంతకం పెట్టాలా? ఔను! ఈ కుర్చీ మాట చెల్లదంటే కప్పు వెనక్కిచ్చెయ్యాలా? ఔను! పెళ్ళికి సూపరింటెండెంటు గారు కూడా రావచ్చా?"

ఆ ఎనిమిదోదానికి బల్బు వైపు చూడకుండానే ఔనన్నాను. ముద్ర ఎంత బలంగా కొట్టానంటే సిరా బొట్లు నా చొక్కా మీద పడ్డాయి.

డైరెక్టరు గారు పరుగున వచ్చారు. "ఇవి చెల్లవు! ఖాళీ కుర్చీ చెప్పింది..." అని నాలుక్కరుచుకున్నారు. అధ్యక్షుడు ఆయన్నే చూస్తున్నాడు. డైరెక్టరు గారు కప్పుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. కలం కోసం నా వైపు చెయ్యి చాచారు. నేనిచ్చాను. ఆయన సంతకం పెట్టారు.

మంగవేణి తాళంకప్ప తీసి నా కిటికీ గట్టు మీద పెట్టింది. లోవరాజుకి సర్దుకోవడానికి సామానేం లేదు. గుమ్మం దాకా వెళ్ళినవాణ్ణి డైరెక్టరు గారు వెనక్కి పిలిచారు. ఎంతైనా పెద్ద మనసు ఆయనది.

"ఏమయ్యా లోవరాజూ, నా మీద కోపమేం లేదుగా? అప్పుడప్పుడూ ఇటొస్తుంటావా?"

లోవరాజు ఆలోచించాడు. ముఖం నిండా నవ్వు పరుచుకుంది. "రానండి," అన్నాడు.

"సరేలే. పోనీ ఆ దండల కొట్టెక్కడో చెబుతావా?"

"చెప్పనండి!"

"పెళ్ళికి పిలుస్తావా?"

"పిలవనండి!" అతను దాదాపు ఎగురుతున్నాడు. వీరభద్రం గారు కంగారుపడి, "బాబూ, బాగా చెమట పట్టేసింది, కాసిన్ని మజ్జిగ తాగుతారా?" అంటే దానిక్కూడా "తాగనండి!" అన్నాడు.

"ఇక చాల్లెండి. ఇంటికెళ్దాం పదండి," అంది మంగవేణి.

"ఆయ్," అన్నాడు లోవరాజు.